ఉమ్మకూడని బెల్లం

నాకు కడుపు లేదు. ఆకలి లేదని కాదు నేను చెప్పేది, అసలు కడుపే లేదు. పోయిన జులైలో విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ దాన్ని మొత్తంగా తీసేసి, గొంతులోంచి అన్నం దిగే గొట్టాన్ని నేరుగా చిన్నపేగుకి కలిపి కుట్టింది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ చూపు నా చొక్కా బొత్తాల మీదికి పోతుంది, అక్కడేదో గొయ్యి కనిపిస్తుందన్నట్టు. గొయ్యీ లేదు, గుంటా లేదు. ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట అయింది. పొద్దుట్నుంచి నాలుగుసార్లు తిన్నాను, పడుకునేలోగా ఇంకో నాలుగుసార్లు తింటాను. కడుపున్న మీరు ఎన్నిసార్లు తిన్నారో చెప్పండి.

నా పేరు నూకరాజు. యాభై ఆరేళ్ళు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో నేనూ మా బావమరిది సత్తిబాబూ కలిసి కమీషన్ కొట్టు నడుపుతున్నాం. రైతులు తెచ్చిన బెల్లం దిమ్మలు దింపించడం, తూకం వేయించడం సత్తిబాబు పని. రకం చెప్పడం నా పని. దిమ్మని గోటితో గీరి పిసరంత నాలుక మీద వేసుకుంటే చాలు. చెరుకు ముదిరాక కొట్టారా ముందే కొట్టారా, పాకం సరిగ్గా దించారా అడుగంటిందా, చెరుకురసం తేరుకోవడానికి వేసే సున్నం ఎంత పడింది, తెల్లగా రావడానికి మందేమైనా వేశారా, పంచదార కలిపారా, అన్నీ చెబుతాను. ఒకటో రకమా, రెండోదా, మూడోదా అన్నది నా నోట్లోంచి వచ్చిన మాట. కొనేవాళ్ళు గానీ అమ్మేవాళ్ళు గానీ దాని మీద మళ్ళీ మాట్లాడరు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటారేమో. అవును, గొప్పలే చెప్పుకుంటున్నాను.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. మా దగ్గర ఎక్కడా రాసిలేని కట్టుబాటు ఒకటుంది. రైతు ఎదుట నోట్లో వేసుకున్న బెల్లాన్ని మింగాలి, ఉమ్మకూడదు. ఏడాది పొడుగునా పెంచిన చెరుకు, పెనం ముందు సెగలో నిలబడి వండిన బెల్లం. దాన్ని ఆ మనిషి కళ్ళముందే ఉమ్మేస్తే అతని మొహం మీద ఉమ్మినట్టే లెక్క. మా నాన్న నాకు పని నేర్పుతూ మొట్టమొదట చెప్పిన మాట ఇదే. మూడోరకం నల్లబెల్లమైనా సరే, నోరు చేదెక్కిపోయినా సరే, మింగి, మంచినీళ్ళు తాగి, ఆ తర్వాతే రకం చెప్పేవాణ్ణి. సీజన్లో పొద్దున్నే పరగడుపున మొదలుపెడితే ముప్పై నలభై దిమ్మల రుచి చూశాకే నా ఫలహారం.

డిసెంబరు, జనవరి

మొదట్లో నొప్పి లేదు. రెండు ముద్దలు తినేసరికి పీకలదాకా తిన్నట్టుండేది. తర్వాత ఛాతీ కింద ఒకచోట మంట మొదలైంది. వాము నమిలాను, సోడా తాగాను, మందులకొట్లో అడిగి గ్యాస్ మాత్రలు వేసుకున్నాను. మార్కెట్లో ఎవడి కడుపులో ఏం జరిగినా దాని పేరు గ్యాసే కదా. బెల్టుకి కొత్తగా రెండు బెజ్జాలు పొడిపించాను. ఎవరైనా చిక్కిపోయావేమిటని అడిగితే పొద్దున్నే నడుస్తున్నానని అబద్ధం చెప్పి, మెచ్చుకుంటే సంతోషించాను కూడా.

జనవరిలో విరేచనం నల్లగా అవడం మొదలైంది. మామూలు నలుపు కాదు, రోడ్డు మీద వేసే తారు. ఇక్కడే నేను చేసిన తప్పు ఉంది, ఇది బెల్లం మనుషులు మాత్రమే చేయగల తప్పు. ఆ నెలంతా మా కొట్టుకి నల్లబెల్లం ఎక్కువగా వస్తోంది. రోజుకి పాతిక దిమ్మల నల్లబెల్లం మింగుతున్నవాడికి నల్లగా కాకపోతే మరెలా వస్తుందని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. నెల రోజులు అదే సమాధానంతో గడిపాను. అది బెల్లం నలుపు కాదు, లోపల కారుతున్న నెత్తురు. కడుపులో కారిన నెత్తురు అరిగి, కిందికి వచ్చేసరికి నల్లబడుతుందని నాకు తెలియదు. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా అలా అవుతుంటే, మీరు ఏం తిన్నారో గుర్తుచేసుకుంటూ కూర్చోవద్దు. లేచి ఆస్పత్రికి వెళ్ళండి.

ఇంట్లో చెప్పలేదు. సిగ్గు. మా ఆవిడ రమణమ్మకి ఇలాంటివి చెప్పడం ఎలాగో నాకు తెలియలేదు.

ఫిబ్రవరి

ఒకరోజు పొద్దున్న కాటా పక్కన నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి సత్తిబాబు ఆటోలో నన్ను ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు.

"బావా, నీ చేతులు సూడు, సున్నమేసిన గోడనాగున్నాయి. ఎన్నాళ్ళ బట్టిలాగ?" అని అరిచాడు.

వాడికే మొదట చెప్పాను, నలుపు సంగతి. అలా చెప్పడం నా రెండో తప్పు అయింది, ఎందుకో తర్వాత తెలిసింది.

ఒంట్లో నెత్తురు సగమే ఉందన్నారు. రెండు సీసాల నెత్తురు ఎక్కించి, గొంతులోంచి కెమెరా దింపి చూడాలని విశాఖపట్నం పంపారు. ఆ గది బయట బల్ల మీద గంటన్నర కూర్చున్నాం. పక్కన గొలుగొండ నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది, ఆవిడ భర్తని లోపలికి తీసుకెళ్ళారు. ఆవిడకి నేనెవరో తెలియదు. నా కాలు ఆగకుండా ఊగుతుంటే చూసి చెప్పింది.

"బయ్యపడకు తమ్ముడూ. గొట్టం గొంతుకాడికి రాగానే మంచినీళ్ళు మింగినట్టు ఓ గుటకెయ్యి. అదే దిగిపోద్ది. మా ఆయన ఇది మూడోసారి."

ఆవిడ చెప్పినట్టే గుటక వేశాను. దిగింది. బయటికి వచ్చాక ఆవిడ కోసం చూశాను, వెళ్ళిపోయింది. పేరైనా అడగలేదు.

లోపల పుండు ఉందని, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపామని చెప్పారు. వారం తర్వాత దాని పేరు చెప్పారు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ బయటికి అనరు, నేనూ అనను. మీకు తెలుసు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక రమణమ్మ వంటగదిలో గట్టు పట్టుకుని నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నల్లగా అవుతాందని మా తమ్ముడికి సెప్పేవట."

"పడిపోయేక అడిగేడు, సెప్పేను."

"ముప్పయ్యేళ్ళబట్టి ఆ కడుపు నింపింది నాను. దానికేటయిందో ముందు నాకు సెప్పవా? నాను పరాయిదాన్నా?"

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు, కానీ వేళకి గంజి కాచి ఇచ్చింది. ఆ నాలుగు రోజులూ ఆ జబ్బు పేరు కన్నా ఈ మౌనమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఏప్రిల్ నుంచి జూన్

ఆపరేషనుకి ముందు మందు ఎక్కించాలన్నారు. నాలుగుసార్లు. ఎక్కించే గదిలో కుర్చీలు వరసగా ఉంటాయి, అందరికీ చేతికి గొట్టాలు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఎవరి మొహం చూడాలన్నా భయమేసింది. రెండోసారికి ఎవరికి ఎన్నోదో కనుక్కుని ధైర్యం చెప్పేవాణ్ణి. నేను ఎక్కడున్నా మార్కెట్టే పెడతానని నర్సు నవ్వింది.

వాంతులు, జుట్టు రాలడం, నీరసం గురించి రాయను. అవి అందరికీ ఉండేవే. నాకు మాత్రమే జరిగింది ఒకటి. నాలుక చచ్చిపోయింది. ఏది నోట్లో పెట్టుకున్నా ఇనపమేకు చప్పరిస్తున్నట్టుండేది. మామిడిపండు ఇనుము. పెరుగు ఇనుము. ఒకరోజు వంటింట్లో డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకున్నాను. అది కూడా ఇనుమే. మొట్టమొదట ఏడ్చింది ఆ రోజే, జబ్బు పేరు చెప్పిన రోజు కాదు.

"తర్వాత మళ్ళీ వస్తుంది, చాలామందికి వస్తుంది" అంది డాక్టరమ్మ. చాలామందికి అన్న మాట నాకు నచ్చలేదు. అందరికీ అని ఎందుకు అనలేదు?

ఆపరేషన్ ఎలా చేస్తారో ఆవిడే చెప్పింది. మా స్కాన్ కవరు వెనక పెన్నుతో బొమ్మ గీసింది. నోరు, కిందికి సన్నటి గొట్టం, సంచీలాంటి కడుపు, తర్వాత మెలికలు మెలికలుగా చిన్నపేగు, దాన్ని చుట్టూ కావలి కాస్తున్నట్టు పెద్దపేగు. సంచీ మీద రెండు అడ్డగీతలు గీసింది.

"ఇది మొత్తం తీసేస్తాం నూకరాజుగారూ."

"మరి అన్నం?"

"కడుపు తిన్నదాన్ని నిలవ ఉంచుతుంది, చిలుకుతుంది, కొంచెం కొంచెంగా కిందికి వదులుతుంది. అసలు అరిగించి ఒంటికి పట్టించేది చిన్నపేగు. అది బాగుంది. కొత్త పని కాస్త నేర్చుకుంటుంది."

"మరి బెల్లం?"

"తీపి బాగా తగ్గించాలి."

నేను తినడానికి అడగలేదని ఆవిడకి ఎలా చెప్పను? సత్తిబాబు పక్కనుండి, "మా బావ నాలికతోనే మా కొట్టు నడుత్తాదండి" అన్నాడు. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు, కానీ మర్యాదగా తల ఊపింది.

జులై

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది తక్కువ. నిద్రపోయాను, లేచాను. మధ్యలో ఆరు గంటలు బయట కూర్చున్నవాళ్ళది అసలు ఆపరేషన్. మా అమ్మాయి లలిత ఎస్. రాయవరం హైస్కూల్లో సైన్సు టీచరు, సెలవు పెట్టి వచ్చింది. ఆ ఆరు గంటలూ అమ్మ చెయ్యి వదల్లేదట. రమణమ్మ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఎందుకు తాగలేదని తర్వాత అడిగితే, "నీకు కడుపు లేకుండా సేత్తంటే నాకు గొంతు దిగుద్దేటి" అంది.

ఇంటికి వచ్చాక మా ఇల్లు గడియారంతో నడవడం మొదలుపెట్టింది. రెండు గంటలకోసారి చిన్న గిన్నెడు. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు. తిన్నాక అరగంట పడుకోకూడదు. ఒక్కో ముద్దా ముప్పైసార్లు నమలాలి. రమణమ్మ నా ఎదురుగా కూర్చుని నా దవడ వైపే చూస్తూ లెక్కపెట్టేది. ఒకరోజు నాకు తిక్కరేగి గిన్నె పక్కకి నెట్టేశాను.

"నన్ను పసిగుడ్డుని సేసేవే!"

"పసిగుడ్డుకైతే పళ్ళుండవు. నీకున్నాయి కదా. కడుపు సేసే పని పళ్ళతో సెయ్యి" అంది, గిన్నె మళ్ళీ ముందుకి జరిపి. "ఇరవై రెండు దగ్గర ఆపేసేవు. ఇంకెనిమిది."

నమిలాను. ఏం చేస్తాం?

లలిత ఆదివారాలు వచ్చేది. పిల్లలకి చెప్పినట్టే నాకూ పాఠం చెప్పేది. నోట్లో లాలాజలం పిండిపదార్థాన్ని ఎలా విడగొడుతుందో, కాలేయం పంపిన పైత్యరసం కొవ్వుని ఎలా చిన్న చిన్న బొట్లు చేస్తుందో, క్లోమం నుంచి వచ్చే రసాలు మిగతా వాటినెలా కరిగిస్తాయో, పెద్దపేగు నీటినెలా పీల్చుకుంటుందో. చిన్నపేగు విప్పి పరిస్తే ఇరవై అడుగులట. దాని లోపలి గోడ ఎలా ఉంటుందని అడిగితే స్నానాల గదిలోంచి తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఈ నూలుపోగులు సూడు నాన్నా. లోపల గోడంతా ఇలాగే సన్నగా లేచుంటాది. ఒక్కో పోగూ అన్నంలో సారం పీల్చి రక్తంలోకి పంపుద్ది."

ఆ తువ్వాలు చాలాసేపు చేత్తో నిమురుతూ కూర్చున్నాను. యాభై ఆరేళ్ళు నాలోపల ఇంత పనితనం ఉందని ఒక్కరోజైనా తలచుకోలేదు. ఇప్పుడు కడుపు లేకుండా కూడా ఆ పేగు తన పనితో పాటు దాని పనీ భుజానికెత్తుకుంది. నాకు దాన్ని చూస్తే గర్వమేసింది. నవ్వుకోండి, పేగుని చూసి గర్వపడ్డ మొగాడు నేనొక్కణ్ణే అయివుంటాను.

సెప్టెంబరు

ఒక మధ్యాహ్నం చారు రెండు చెంచాలు తాగి, ఆలోచించకుండా అన్నాను.

"ఈ చింతపండు పాతది కదా?"

రమణమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఏటన్నావు?"

"చింతపండు పాతది. మిరియాలు కూడా మాడ్చేవు."

ఆ మనిషి గోడకి ఆనుకుని కూర్చుని గట్టిగా ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ఐదు నెలల తర్వాత ఆవిడ వంటకి నేను పెట్టిన మొదటి వంక అది. నాలుక తిరిగి వచ్చింది. సత్తిబాబుకి ఫోన్ చేసి తనే చెప్పింది, "మీ బావ మళ్ళీ వంకలెడతన్నాడు" అని.

నాకు కళ్ళు నెత్తికెక్కాయి. మర్నాడు రమణమ్మ పెరట్లో ఉండగా బెల్లం డబ్బా కోసం వెతికి, ఆవిడ బియ్యం కింద దాచినదాన్ని పట్టుకుని, నిమ్మకాయంత ముక్క తినేశాను. ఒకటో రకం. ఎంత బాగుందో! పావుగంట గడిచిందో లేదో గుండె దడదడలాడింది. ఒళ్ళంతా చెమట. పొట్టలో మెలిపెట్టినట్టు నొప్పి, చేతులు వణుకుతున్నాయి. వంటింటి నేల మీదే పడుకుండిపోయాను. రమణమ్మ వచ్చి చూసి, డబ్బా చూసి, నన్ను తిట్టడానికి కూడా ఓపిక లేక నా తల ఒళ్ళో పెట్టుకుంది.

"పెనంలో పాకం గరిటతో కొంచెం కొంచెంగా అచ్చుల్లో పోత్తారు కదా నాన్నా" అంది లలిత ఆ ఆదివారం. "కడుపు సేసే పని అదే. ఇప్పుడు నీకు ఆ గరిట లేదు. తీపంతా ఒక్కసారే పేగులో పడుద్ది, పేగు ఒంట్లో నీళ్ళన్నీ లాక్కుంటాది. అందుకే ఆ దడ."

నాకు పాఠం అర్థమైంది. నా బతుకు కూడా అర్థమైంది. రోజుకి ముప్పై దిమ్మల రుచి చూసి మింగడం ఇక కుదరదు. సత్తిబాబు ఆ ఏడాది వచ్చిన చివరి సరుకులో పంచదార కలిపిన బెల్లాన్ని రంగు చూసి ఒకటో రకం అని ఇచ్చి, కొన్నవాళ్ళ చేత నానా మాటలూ పడ్డాడు. రంగుని మోసం చేయొచ్చు. నాలుకని చేయలేరు. ఆ నాలుక ఇప్పుడు వంటింట్లో చారుకి వంకలు పెట్టడానికి తప్ప పనికిరాదా?

"రుచి తెలిసేది నాలిక్కి కదా, కడుపుక్కాదు" అంది లలిత. "రుచి సూసి ఉమ్మెయ్."

"రైతు ముందరా? నీకు మతిపోయిందేటి?"

లలిత ఊరుకుంది. రమణమ్మ ఊరుకోలేదు. మర్నాడు నాలుగు కొట్లు తిరిగి నాలుగు రకాల బెల్లం తెచ్చి, నాలుగు గిన్నెల్లో పెట్టి, నన్ను వెనక వసారాలో కూర్చోబెట్టింది. గిన్నెల మీద ఏదీ రాయలేదు. కళ్ళు మూసుకోమంది. గోరంత ముక్క నోట్లో పెట్టడం, నేను చెప్పడం, పక్కనున్న రేకుడబ్బాలో ఉమ్మడం, నీళ్ళు పుక్కిలించడం. నాలుగూ సరిగ్గా చెప్పాను. మూడోదాని గురించి, ఇది ముదరని చెరుకు, వండినవాడు తొందరలో ఉన్నాడు అని కూడా చెప్పాను. చెమట పట్టలేదు, దడ రాలేదు. నెలన్నర పాటు రోజూ ఈ పరీక్షే. పరీక్ష పెట్టేవాళ్ళలో రమణమ్మంత కఠినమైన మనిషి లేదు. ఒకరోజు ఒకే బెల్లాన్ని నాలుగు గిన్నెల్లో పెట్టింది. పట్టేశాను. ఆవిడ నవ్వు చూడాలి!

మళ్ళీ డిసెంబరు

కొట్టుకి వెళ్ళిన మొదటి రోజు చొక్కా వదులుగా వేలాడుతున్నా తల ఎత్తుకునే నడిచాను. తూకాల దగ్గరవాళ్ళు పని ఆపి వచ్చి పలకరించారు. గొలుగొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతు దిమ్మలు దింపాడు. కొత్తవాడు, నా సంగతి తెలియదు. ముక్క నోట్లో వేసుకున్నాను. మంచి బెల్లం. స్తంభం చాటుకి వెళ్ళి, ఎవరూ చూడలేదనుకుని, డబ్బాలో ఉమ్మాను.

చూశాడు.

"ఏటది? ఉమ్మేసేవేటి? నా బెల్లం కుక్కలు కూడా తినవనా?"

"అది కాదు బాబూ, నాకు ఆపరేషనయ్యింది..."

నా మాట వినలేదు. సత్తిబాబు చెప్పబోతే వాణ్ణీ తోసేశాడు. పదిమంది చూస్తుండగా దిమ్మలన్నీ తిరిగి బండెక్కించుకుని వేరే కొట్టుకి వెళ్ళిపోయాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అతని చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. ఆ సిగ్గు మాత్రం ఒంట్లోంచి పోలేదు. ఇంటికి వచ్చి, ఇక వెళ్ళనని చెప్పి, రెండు రోజులు మంచం దిగలేదు. మందు ఎక్కించిన రోజుల్లో కూడా అంత కుంగిపోలేదు నేను.

మూడో రోజు పొద్దున్న రమణమ్మ ఇస్త్రీ చేసిన చొక్కా తెచ్చి మంచం మీద పడేసింది. నాలుగు చిన్న గిన్నెల్లో మధ్యాహ్నం దాకా తినాల్సినవి సర్దింది.

"లే."

"నాను ఎల్లను."

"నెలన్నరబట్టి నాను పెట్టిన పరీక్షలు ఇంట్లో కూకోడానికేటి? నీ నాలిక సచ్చిపోనాదన్నప్పుడు ఏడిసేవు. ఇప్పుడది బతికింది, నువ్వు సచ్చిపోయేవా? లే!"

వెళ్ళాను. కొట్టు ముందు ఐదారుగురు రైతులు దిమ్మలతో నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు ఎర్రునాయుడు మామ. బుచ్చయ్యపేట. డెబ్భై దాటిన మనిషి, నేను మామా అంటాను, నన్ను అల్లుడూ అంటాడు, చుట్టరికం ఏమీ లేదు. ఇరవై ఏళ్ళుగా మా కొట్టుకే తెస్తాడు. తన బెల్లం ఎప్పుడూ ఒకటో రకమే అని ఆయన నమ్మకం. ఎప్పుడైనా నేను రెండో రకం అన్నానంటే ఆ రోజు మార్కెట్టంతా వినబడేలా పోట్లాడేవాడు.

ఎర్రునాయుడు నన్ను పలకరించలేదు. ఎలా ఉన్నావనీ అడగలేదు. తన దిమ్మని తనే గోటితో గీరి, వచ్చిన పొడిని నా అరచేతిలో పోశాడు. తర్వాత నాకు వీపు పెట్టి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. వెనకున్నవాళ్ళు ఏమీ అర్థంకాక చూస్తుంటే వాళ్ళ మీద గదమాయించాడు.

"ఏటి సూత్తన్నారు? మొన్న జరిగింది ఇన్నేరు కదా. అందరూ అటు తిరగండి!"

ఒకరి తర్వాత ఒకరు తిరిగారు. అందరి వీపులూ నా వైపే. నా కళ్ళు తడయ్యాయి, చెప్పడానికి సిగ్గేం లేదు. బెల్లం నాలుక మీద వేసుకున్నాను. కళ్ళు మూసుకుని కరగనిచ్చాను. డబ్బాలో ఉమ్మాను. పుక్కిలించాను.

మంచి చెరుకు. పాకం సరిగ్గా దించారు. కానీ చివర్లో నాలుక అంచు మీద చిన్న చురుకు. సున్నం.

ఒకటో రకం అని చెప్పి ఉంటే ఆ రోజు ఎవరూ నన్ను తప్పుపట్టేవాళ్ళు కాదు. ఇంత పెద్ద మనసు చూపించిన మనిషికి ఆ మాత్రం ఇవ్వకూడదా అని నాకూ అనిపించింది. సత్తిబాబు నా మొహమే చూస్తున్నాడు. కానీ నేను కడుపు లేకుండా, నెత్తురు లేకుండా, ముప్పై సార్లు నమిలిన ముద్దలతో బతికి, ఇక్కడిదాకా వచ్చింది అబద్ధం చెప్పడానికి కాదు.

"రెండో రకం, మామా. సున్నం పిసరెక్కువయ్యింది."

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. మొహం ఎర్రబడింది. దిమ్మ అంచు పుటుక్కున విరిచి నోట్లో వేసుకుని, నన్నే చూస్తూ నమిలాడు. చాలాసేపు నమిలాడు. గొడవ కోసం అందరూ చెవులు రిక్కించారు.

"నానే ఏసేను సున్నం" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఈ మద్దిన కళ్ళు సరిగ్గా ఆనట్లేదు అల్లుడూ. సేతికెంతొచ్చిందో తెల్లేదు. ఇంట్లో ఎవులికీ సెప్పలేదు."

ఆ తర్వాత సత్తిబాబు వైపు తిరిగి రెండో రకం రాసుకోమన్నాడు. భుజం మీద తువ్వాలు దులుపుకుని, వెనకున్నవాళ్ళని చూసి, ఇరవై ఏళ్ళు నాతో పోట్లాడిన గొంతుతోనే అరిచాడు.

"తరవాత ఎవుడిదిరా? దిమ్మ ఇక్కడెట్టి అటు తిరుగు!"